ఒక్క మగవాడికి ఎన్ని జతల చెప్పులు కావాలి?

మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలలో చేరాలి. ఆ కబురు వచ్చిన మర్నాడే కొనాల్సిన వాటి జాబితా ఒకటి ఫోన్‌లో రాసుకుని నాకు చూపించాడు. చొక్కాలు, ప్యాంట్లు, బ్యాగు సరే. చివర్న కాళ్ళకి తొడుక్కునేవాటి పద్దు విడిగా ఉంది. నల్లతోలు షూస్ ఒక జత, గోధుమరంగువి ఒక జత, తాళ్ళు లేని లోఫర్స్ ఒక జత, తెల్ల స్నీకర్స్, పొద్దున్నే పరుగెత్తడానికి స్పోర్ట్స్ షూస్, వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళిలో కుర్తా కిందికి మోజడీలు, ఇంట్లోకి ఒకటి బాత్‌రూముకి ఒకటి రబ్బరు చెప్పులు. వెరసి ఎనిమిది జతలు.

మావారు అది చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఉపన్యాసం మొదలని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"ఉన్నవి రెండు కాళ్ళు. ఎనిమిది జతలు ఎందుకురా? మా తాతగారు ఊరికి పెద్దమనిషి. పంచెకట్టులో ఆయనంత దర్జాగా ఉండే మనిషి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడు. ఎప్పుడు చూసినా ఒకే ఒక్క జత కిర్రుచెప్పులు. అంతే."

"నాన్నా, తాతగారు ఆఫీసుకి వెళ్ళలేదు కదా" అన్నాడు వాడు.

నేను దోసె తిరగేస్తూ వింటున్నాను. మా అత్తయ్యగారు బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. మధ్యాహ్నం చెప్తానన్నాను. డిగ్రీలో తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు ఏ తగువు వచ్చినా ముందు మాటలోకి, ఆ తర్వాత పాతకాలంలోకి వెళ్ళి చూడటం అలవాటు. అలా చూస్తే తేలింది ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి. చెప్పు అన్నది మన సొంత మాట. తమిళంలో చెరుప్పు, మలయాళంలో చెరిప్పు, మనకి చెప్పు. అంటే ఈ భాషలు విడిపోకముందే మనవాళ్ళకి కాలికి తొడుక్కునే వస్తువు ఒకటి ఉందన్నమాట. ఇంకో మాట జోడు. జోడంటే జత. చెప్పులకీ జోడే, ఆలుమగలకీ ఈడూజోడే. ఒకటి పోతే రెండోది దేనికీ పనికిరాని వస్తువులు ఇంట్లో ఎన్నో ఉండవు కదా, అందుకే ఆ పేరు వీటికి నిలిచిపోయింది. వేమన్న కూడా చెప్పులో రాయినీ ఇంట్లో పోరునూ ఒకే పద్యంలో పెట్టాడు. ఆ పోరు ఎవరిదో నేను చెప్పను, చదివే మీకు తెలుసు.

మన కథల్లో అందరికంటే గొప్ప జత ఏదంటే సందేహమే లేదు, రాముడి పాదుకలు. భరతుడు వాటిని నెత్తిన పెట్టుకుని తెచ్చి, నందిగ్రామంలో ఉండి, వాటి పేరు మీద పద్నాలుగేళ్ళు రాజ్యం చూశాడు. రాజ్యానికి ఒక్క జత చాలింది. అదీ ఎవరూ తొడుక్కోని జత! పాదుకలే తర్వాత పావుకోళ్ళయ్యాయి. చెక్కతో చేసి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒక గుబ్బ పెట్టేవారు. తోలు మైల అనుకునే ఇళ్ళలో మడికి పనికొచ్చే పాదరక్షలు అవే.

మన కావ్యాల్లో అందగాడైన మగవాడు ఎవరు అంటే బి.ఏ. తెలుగు చదివిన ఏ ఆడపిల్లయినా ప్రవరుడి పేరే చెప్తుంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆయన హిమాలయాలు చూసి రావడానికి వెళ్ళాడు కదా. ఏం తొడుక్కుని వెళ్ళాడు? ఏమీ లేదు. ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి పూసుకుని వెళ్ళాడు. మంచులో ఆ పసరు కాస్తా కరిగిపోయింది, వరూధిని కథ మొదలైంది. మంచి జోళ్ళు ఉంటే ఆ కావ్యమే లేదు.

నవ్వులాటకి అన్నా, అందులో నిజం ఉంది. ఆ కావ్యం పుట్టిన కాలంలో, ఆ కవిని ఆదరించిన కొలువులో, దర్జాకీ చెప్పులకీ సంబంధమే లేదు. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన విజయనగరం వచ్చి శ్రీకృష్ణదేవరాయల్ని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. రాయలవారు బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు కట్టుకున్నారట. మెడలో వజ్రాల పతకం, తల మీద జరీ కుళ్ళాయి. కాళ్ళకి? వట్టి కాళ్ళు. రాజున్న చోటికి ఎవరూ చెప్పులతో రాకూడదట, రాజు కూడా వట్టి కాళ్ళతోనే ఉన్నాడట. దేశంలో ఎక్కువమంది చెప్పుల్లేకుండానే తిరుగుతున్నారని కూడా రాశాడు. అప్పటికి ఉన్న చెప్పులు రెండు రకాలు చెప్పాడు. ఒకటి కొన తేలిన జోళ్ళు. రెండోది అడుగు మాత్రమే ఉండి, పైన పట్టీలతో కాలికి నిలిచేవి. వాటిని చూస్తే ఆయనకి పాతకాలపు రోమనుల చెప్పులు గుర్తొచ్చాయట.

తిరుమల వెళ్ళినప్పుడు మహాద్వారం లోపల రాయలవారూ ఇద్దరు దేవేరులూ చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు చూసే ఉంటారు. ఈసారి వెళితే కాళ్ళ వైపు చూడండి.

మనిషే కాదు, దేవుడు కూడా ఊరిని బట్టి చెప్పులు మార్చాడు. ఉత్తరాదిన సూర్యుడికి మోకాళ్ళ దాకా బూట్లు ఉంటాయి. విగ్రహానికి ఉత్తరదేశపు వేషం వెయ్యమని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. కోణార్కలో సూర్యుడు బూట్లతోనే నిలబడి ఉంటాడు. దక్షిణాదికి వచ్చేసరికి అదే సూర్యుడు వట్టికాళ్ళతో దర్శనమిస్తాడు. మన ఎండకి, మన నేలకి, గడప దాటితే చెప్పులు విడిచే మన అలవాటుకి ఆయన కూడా తలవంచాడు.

ఇక్కడిదాకా మావారి పక్షమే నెగ్గుతోంది. రాయలవారికే అక్కర్లేనివి నీకెందుకురా అనొచ్చు. కానీ మేం ఉండేది హైదరాబాదులో. ఇక్కడి రాజుల సంగతి కూడా చూడాలి.

మా అబ్బాయి చిన్నప్పుడు వాణ్ణి పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి తీసుకెళ్ళాం. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మన గోడ్రెజ్ బీరువా అనుకునేరు. అదొక పెద్ద వసారా. ఈ చివర్నుంచి ఆ చివరికి వరసగా చెక్క అరలే. ప్రపంచంలో అతి పొడవైన బట్టల బీరువాల్లో ఒకటని చెప్తారు. కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. వాడు ఆ అరల వెంట పరుగెత్తుతూ "అమ్మా, ఇన్ని ఉంటే ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. అప్పటికి వాడికి ఎనిమిది జతల ఆలోచన లేదు.

ఆయన కొడుకే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. అంతటివాడు పాత టోపీతో, నలిగిన బట్టలతో, అరిగిన చెప్పులతో ఉండేవాడని చూసినవాళ్ళు రాశారు. తండ్రి జోడు కొనలో పాతగుడ్డలో చుట్టి దొరికిన రాయిని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడని హైదరాబాదులో ఒక కథ ఉంది. ఆ రాయి జేకబ్ వజ్రం. దాదాపు 185 క్యారెట్లు. 1995లో నిజాం నగలు కొన్నప్పుడు భారత ప్రభుత్వం దాన్నీ కొన్నది. వజ్రం దాచడానికి ఒక జోడు, తొడుక్కోడానికి అరిగిపోయిన ఒక జత చెప్పులు. ఇదీ ప్రపంచంలో అత్యంత ధనవంతుడి లెక్క.

మరి ఒకటి రెండు ఎప్పుడయ్యాయి? రెండు నాలుగు ఎప్పుడయ్యాయి? కాళ్ళు పెరగలేదు కదా. అడుగు పెట్టాల్సిన చోట్లు పెరిగాయి. అది ఇంగ్లీషువాళ్ళు వచ్చాక మొదలైంది.

మనవాళ్ళు పెద్దల ముందూ గుళ్ళోనూ చెప్పులు విడుస్తారు కదా అని గమనించిన తెల్లదొరలు, అయితే మా ముందు కూడా విడవండి అన్నారు. 1823-28 మధ్య గవర్నర్ జనరల్‌గా ఉన్న ఆమ్హర్స్ట్ తన ముందుకు వచ్చే భారతీయులు జోళ్ళు విడిచి రావాలని పట్టుబట్టాడు. అప్పట్లో అది అంత గట్టిగా జరగలేదు. డల్హౌసీ కాలానికి వచ్చేసరికి నియమం బిగుసుకుంది. సర్కారు కచేరీల్లోకి వచ్చే భారతీయుడు జోళ్ళు బయట వదలాలి. ఇంగ్లీషు వేషం వేసుకున్నవాడికి మాత్రం మినహాయింపు.

ఈ మాట నేను రెండుసార్లు చదివాను. మన జోళ్ళయితే విడవాలి. వాళ్ళ బూట్లయితే తొడుక్కునే లోపలికి పోవచ్చు. ఇక కచేరీతో పనున్న మనిషి ఏం చేస్తాడు? ఇంట్లో, ఊళ్ళో తన చెప్పులు తనకి ఉంటాయి. కచేరీకి ఇంకో జత, బూట్లు, కొనుక్కుంటాడు. ఒకటి రెండయిన చోటు నాకు ఇక్కడే కనిపించింది. సోకు కోసం కాదు, గుమ్మం బయట వట్టికాళ్ళతో నిలబడకుండా ఉండటం కోసం.

అందరూ ఊరుకోలేదు. 1862లో సూరత్ కోర్టులో అసెసరుగా పనిచేసే మానక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ పెద్దమనిషి సెషన్సు జడ్జి ముందుకు జోళ్ళతోనే వెళ్ళాడు. విడవమన్నారు. విడవనన్నాడు. కోర్టులోంచి బయటికి పంపేశారు. ఆయన బొంబాయి గవర్నరుకి ఉత్తరం రాసి నిరసన చెప్పాడు. ఆ తర్వాత దీనిమీద పెద్ద చర్చే నడిచింది. మేం గుడి దగ్గరా ఇంటి దగ్గరా చెప్పులు విడిచేది శుభ్రత కోసం, పవిత్రత కోసం, కోర్టు గుడీ కాదు ఇల్లూ కాదు కదా అని మనవాళ్ళ వాదన. ఎంతో సూటిగా ఉన్న మాట. అయినా ఆ గొడవ తీరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రెండు నాలుగవడం మన కళ్ళముందే జరిగింది. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని జ్లిన్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టిన తోమాష్ బాత్యా 1894లో పెట్టిన కంపెనీ 1931లో మన దేశానికి వచ్చింది. కలకత్తా దగ్గర కొన్నగర్‌లో మొదలై, కొద్ది ఏళ్ళకే హుగ్లీ ఒడ్డున బాటానగర్ అని ఒక ఊరే కట్టుకుంది. మా చిన్నప్పుడు బాటా అంటే అచ్చమైన మన కంపెనీ అనుకునేవాళ్ళం. తొంభైతొమ్మిది రూపాయల తొంభైఅయిదు పైసలు అని రాసి ఉండే ధర చూసి, ఆ అయిదు పైసలు తిరిగి ఇస్తారా ఇవ్వరా అని మా నాన్న, కొట్టువాడు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం నాకింకా గుర్తుంది. బడికి నల్ల బూట్లు, శనివారం డ్రిల్లుకి తెల్ల క్యాన్వాస్ బూట్లు. వాటికి శుక్రవారం రాత్రి తెల్లరంగు పూసి గోడకి ఆనించి ఆరబెట్టడం ఇంట్లో అమ్మ పని. ఇంటికి రబ్బరు చెప్పులు. పండగకి తోలు చెప్పులు. అప్పటికే పదేళ్ళ పిల్లవాడికి నాలుగు జతలు. అందులో రెండు బడివాళ్ళు చెప్పినవే.

పెళ్ళికొడుకు సంగతి వేరు. కాశీయాత్రలో గొడుగు, కర్ర, కొత్త చెప్పులు ఇచ్చి బావమరిది బతిమాలి వెనక్కి తెచ్చుకోవడం మన ఆచారం. ఇప్పుడు ఆ చెప్పులు చాలట్లేదు. 1994లో హిందీ సినిమా "హమ్ ఆప్‌కే హై కౌన్" వచ్చి, అది తెలుగులో "ప్రేమాలయం"గా ఆడాక, మరదళ్ళు బావగారి జోళ్ళు దాచి డబ్బులు గుంజే సరదా మన పెళ్ళిళ్ళకీ అంటుకుంది. అందుకోసం జరీ మోజడీలు ఒక జత తప్పనిసరైంది. మా అబ్బాయి జాబితాలో ఆరోది అదే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "కాబట్టి సంఖ్య పెరిగింది సోకు వల్ల కాదు, వెళ్ళే చోట్లని బట్టి. వాడికి రెండు చోట్లుంటే రెండు, నాలుగుంటే నాలుగు" అన్నాను. మావారు ఒప్పుకోలేదు. "ఎన్ని చెప్పినా మా తాతగారి నిరాడంబరం వేరు" అన్నారు.

అప్పుడు మా అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఆ ఒక్క జత ఎవరు కుట్టారో తెలుసా నీకు?" అని కొడుకుని అడిగారు.

ఆయనకి తెలియదు.

ఆవిడకి ఎనభై దగ్గరపడింది. 1962లో ఆ ఇంటికి కోడలిగా వచ్చారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"ఊరి చివర పెద్దాయన కుట్టేవాడు. ఏడాదికి ఒక జత. నేల మీద మీ తాత కాలు పెట్టమని, బొగ్గుతో చుట్టూ గీత గీసి కొలత తీసుకునేవాడు. తోలు తనే నానబెట్టేవాడు, తంగేడు చెక్క వేసి. కిర్రుమని చప్పుడు రావాలని మీ తాత పంతం. ఆ చప్పుడు వింటే వీధిలో వాళ్ళు లేచి నిలబడాలి, లోపల మేం గొంతులు తగ్గించాలి. ఆ చెప్పులు ఇవ్వడానికి మన వీధిలోకి వచ్చేటప్పుడు ఆయన తన చెప్పులు విడిచి చంకలో పెట్టుకునేవాడు. ఊరందరి కాళ్ళకీ కుట్టినవాడు వట్టికాళ్ళతో వచ్చి, వాకిట్లో ఆ జత పెట్టి, దూరంగా నిలబడేవాడు. గింజలు కొలిచి పోస్తే కండువాలో పట్టుకుపోయేవాడు."

భోజనం దగ్గర ఎవరం మాట్లాడలేదు. ఆవిడే మళ్ళీ అన్నారు.

"నాకు పన్నెండేళ్ళ పాటు చెప్పులే లేవు. కోడలు మామగారి ముందు చెప్పులేసుకుని తిరిగితే ఎంత తలపొగరు అనేవాళ్ళు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు, అదే, 1974 వేసవిలో, పట్నం ఆసుపత్రికి వెళ్ళాలంటే బస్సు దాకా రెండు మైళ్ళు నడవాలి. తారు కరిగి కాళ్ళకి అంటుకునేది. మా తమ్ముడు చూసి, నీలం పట్టీల రబ్బరు చెప్పులు కొనిచ్చాడు. వాటిని సంచిలో పెట్టి గడ్డివాము వెనక దాచేదాన్ని. ఊరు దాటి చెరువుగట్టు మీదికి వచ్చాక తొడుక్కునేదాన్ని. ఒకరోజు ఆ గట్టు మీదే ఆ పెద్దాయన కూర్చుని చంకలోని చెప్పులు తీసి వేసుకుంటున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేనూ చూడనట్టే సంచిలోంచి నావి తీశాను. పట్టీ ఊడిపోయి ఉంది. ఆయన దగ్గరికి రాకుండానే, అక్కడ పెట్టండమ్మా అన్నాడు. పెట్టాను. పిన్నీసు గుచ్చి బిగించి, మళ్ళీ అక్కడే పెట్టి, పెద్దయ్యగారితో నేనేం చెప్పన్లెండమ్మగోరూ అన్నాడు."

మావారికి తాతగారంటే ప్రాణం. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. కానీ అత్తయ్యగారు కోపంగా చెప్పలేదు. ఎప్పటి నుంచో లోపల ఉన్న లెక్క ఒకటి అప్పజెప్పినట్టు చెప్పి, పళ్ళెం తీసుకుని లేచారు.

నాకు చదువుకున్నది గుర్తొచ్చింది. మా పాత గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలం రాశారు. ఆ కావ్యంలో నాయకుడు చెప్పులు కుట్టే కులంవాడు. దేశం కాళ్ళు కందకుండా కాపాడే మనిషికే దేశం బాకీ పడిందని ఆయన బాధ. డిగ్రీలో ఆ పద్యాలు అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పద్యంలో మనిషి మా అత్తవారి వాకిట్లోకి వచ్చి వెళ్ళాడని మాత్రం నాకు ఇరవైనాలుగేళ్ళ కాపురం తర్వాత తెలిసింది.

గాంధీగారు దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. తనని జైల్లో పెట్టిన జనరల్ స్మట్స్‌కి తన చేత్తో కుట్టిన జత ఒకటి కానుకగా ఇచ్చారు. ఎన్నో వేసవులు తొడుక్కున్న స్మట్స్, 1939లో గాంధీగారికి డెబ్భై ఏళ్ళు వచ్చినప్పుడు ఆ జత తిప్పి పంపాడు. ఒకరు కుట్టిన జత చేతులు మారి మర్యాదగా తిరిగొచ్చింది. మా ఊరి పెద్దాయన ఏడాదికి ఒకటి కుట్టాడు. అందులో ఒక్కదాని గురించీ ఎవరూ ఒక మంచిమాట పంపినట్టు లేదు.

మావారు చెప్పే ఒక్క జత నిరాడంబరం నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్కటి పక్కన ఒకరికి చంకలో జత, ఒకరికి సంచిలో జత ఉన్నాయి. ఆ రెండూ కలపకుండా ఆయన లెక్క చెప్తూ వచ్చారు, మేం వింటూ వచ్చాం.

సరే, అబ్బాయి జాబితా. సాయంత్రం వాడు నేనూ కూర్చుని తేల్చాం. ఇళ్ళల్లో ఇదే తగువు ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

తోలు షూస్ రోజూ ఒకే జత వేసుకోకూడదు. రోజంతా కాలి చెమట తోలు పీల్చుకుంటుంది. అది ఆరడానికి ఒక రోజు విశ్రాంతి కావాలి. కాబట్టి ఆఫీసుకి వెళ్ళేవాడికి రెండు జతలు అవసరమే, ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది. మార్చి మార్చి వేసుకుంటే ఒక్కొక్కటి ఎక్కువ కాలం వస్తుంది, ఖర్చు కూడా కలిసొస్తుంది. విప్పాక లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కితే తేమ లాగేస్తుంది, ముడతలు పడవు. వానాకాలంలో తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే తోలు పగుళ్ళిస్తుంది. పరుగుకి వేరే జత కావాలి, అది మోకాళ్ళ కోసం. ఇంటికి రబ్బరు చెప్పులు. ఇక పంచెకీ కుర్తాకీ పెళ్ళికీ అన్నిటికీ ఒక జత కొల్హాపురి చాలు. 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో నాలుగేసి జిల్లాల వాళ్ళు ఇప్పటికీ చేత్తో చేస్తారు. పేస్ చూసిన పట్టీల చెప్పులకి అవి దగ్గరి చుట్టాల్లా నాకు అనిపిస్తాయి.

వెరసి అయిదు. లోఫర్లు, తెల్ల స్నీకర్లు, మోజడీలు తీసేశాం. స్నీకర్ల దగ్గర వాడు కాస్త గునిశాడు. మొదటి జీతంతో కొనుక్కుంటానన్నాడు. అది వాడిష్టం.

ఆదివారం అందరం చెప్పుల కొట్టుకి వెళ్ళాం. రానంటున్న అత్తయ్యగారిని మావారే చెయ్యి పట్టుకుని కారెక్కించారు. అబ్బాయివి కొనడం అయ్యాక, మావారు కొట్టు కుర్రాణ్ణి పిలిచి, "మా అమ్మకి మెత్తటివి చూపించు బాబూ, షుగర్ ఉంది" అన్నారు. ఆ కుర్రాడు ఇనప కొలబద్ద తెచ్చి ఆవిడ ముందు కింద కూర్చున్నాడు. కాలు దాని మీద పెట్టమన్నాడు. ఆవిడ చప్పున కాలు వెనక్కి తీసుకున్నారు.

చెప్పుల అంకెల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మనం చెప్పే అయిదూ ఆరూ ఎనిమిదీ ఇంగ్లీషువాళ్ళ కొలతలు. ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య తేడా అంగుళంలో మూడోవంతు, అంటే వాళ్ళ లెక్కలో ఒక బార్లీ గింజ పొడుగు. మన కాళ్ళకి మన కొలతలుండాలని చెన్నైలో ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతా తిరిగి లక్షమందికి పైగా జనం కాళ్ళు కొలిచారు. ఆ కొత్త పద్ధతికి "భ" అని పేరు పెట్టారు, భారత్‌లో భ. మన ఆడవాళ్ళ పాదం పదకొండేళ్ళకే దాదాపు పూర్తిగా పెరిగిపోతుందని కూడా అందులో తేలింది. అంటే మా అత్తయ్యగారు ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆవిడ పాదం ఇంతే ఉండి ఉంటుంది.

"పెట్టమ్మా, ఏం కాదు" అన్నారు మావారు. ఆవిడ నెమ్మదిగా పెట్టారు. కుర్రాడు మడమ సర్ది, కొలబద్ద జరిపి, "అయిదు" అన్నాడు.

"అయిదా?" అన్నారు అత్తయ్యగారు. కాసేపాగి నా వైపు తిరిగి, "నా కాలు ఎవరైనా కొలవడం ఇదే మొదలు" అన్నారు.

మూడు జతలు తొడిగి చూసుకున్నారు. నల్లవి వద్దన్నారు. గోధుమరంగువి బిగువన్నారు. చివరికి నీలం పట్టీలవి తీసుకున్నారు. ఇంటికొచ్చాక వాటిని అలవాటు ప్రకారం గుమ్మం బయట ఒక మూలగా విడిచారు. మావారు వాటిని తెచ్చి స్టాండు మీద తన బూట్ల పక్కన పెట్టారు. తాతగారి మాట మళ్ళీ ఎత్తలేదు.

మీ ఇంట్లో కూడా ఒకసారి చెప్పుల స్టాండు దగ్గర నిలబడి లెక్కపెట్టి చూడండి. ఎవరివి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడ పక్కన కాసేపు కూర్చుని, మొదటి జత ఎప్పుడు వేసుకున్నారో అడగండి.